పదిహేడో గడి

హామర్‌ఫెస్ట్‌లో నవంబరు చివరికి సూర్యుడు సెలవు పెడతాడు.
పది దాటాక ఆకాశంలో కాస్త నీలం, అంతే.
ఆ నీలంలోనే బడి మెట్లెక్కాను,
చంకలో ప్రభుత్వం ఇచ్చిన ఫారం.
నలభై ఒక్క గడులు,
ప్రతి గడికీ మూడే మూడు జవాబులు:
అవును, కాదు, పాక్షికంగా.

టీచరు పేరు గుద్వేయ్.
అప్పులవాణ్ణి గుమ్మంలో చూసినట్టు చూసింది నన్ను.
కాఫీ ఇచ్చింది. సాసరులో కప్పు సన్నగా మోగింది.
ఆటిజం తరగతి. నలుగురు పిల్లలు.
గోడ మీద బొమ్మల అట్టలు:
బూట్లు, రొట్టె, నీళ్ళు, ఇక చాలు.
ఆ చివరి అట్ట అంచులు బాగా నలిగిపోయి ఉన్నాయి.

పదిహేడో గడి:
బోధన సాగుతుండగా విద్యార్థి చేతులు కుదురుగా ఉన్నాయా?

ఆ వాక్యం నాదే.
ఆరేళ్ళ కిందట ఓస్లోలో, కమిటీ గదిలో,
భోజనానికి ముందు, ఆకలి మీద రాసింది.
అందరూ తలూపారు.

ఆ ఏడాదే ఆల్టాలో ఒకణ్ణి చూశాను.
చేతులు కట్టుకుని, టీచరు కళ్ళలోకి చూస్తూ,
ఒక్కో చూపుకి ఒక్కో ఎండుద్రాక్ష.
గంటసేపు ఉలుకూ లేదు పలుకూ లేదు.
ఎంత బుద్ధిమంతుడో అనుకుని
"అవును" మీద టిక్కు పెట్టాను,
వెనక పేజీకి దిగేంత గట్టిగా.
వసంతంలో వాళ్ళమ్మ ఉత్తరం వచ్చింది.
ఫిర్యాదు కాదు, నాలుగే వాక్యాలు.
"మావాడు బడి నుంచి రాగానే దీపం ఆర్పేసి
స్నానాలగదిలో రెండు గంటలు కూర్చుంటాడు.
చేతులు కొరుక్కుంటాడు.
మీ నివేదికలో ఆ తరగతికి మంచి మార్కులొచ్చాయట.
మీకు తెలియాలని రాస్తున్నాను."
ఉత్తరానికి నంబరు పడింది.
జవాబు పడలేదు.

ఇక్కడ అస్లాక్. తొమ్మిదేళ్ళు.
మాటలు రావు అంటుంది దస్త్రం.
రాకపోవడం కాదు, వాటికి తొందర లేదంటుంది గుద్వేయ్.
కూడికల కాగితం ముందు కూర్చున్నవాడు
ఉన్నట్టుండి రెండు చేతులూ పైకెత్తి
తడి విదిలించినట్టు వేళ్ళు విదిలించాడు,
ఇంకా, ఇంకా.
ఆమె నా పెన్ను వైపు చూసింది.
ఆమె చెయ్యి వాడి మణికట్టు వైపు బయల్దేరి
సగం దారిలో ఆగి
తన ఒళ్ళోకి తనే తిరిగొచ్చింది.
ఆ సగం దారికి నా ఫారంలో గడి లేదు.

అప్పుడు కూసింది ఓడ.
తీరం వెంబడి సరుకులూ మనుషుల్నీ మోసే ఓడ,
ఆ రోజు పావుగంట ఆలస్యం.
"రోజూ ఇంతే," అంది గుద్వేయ్,
"వేళకొచ్చినా, వేళ తప్పినా, ముందు వాడి చేతులకి తెలుస్తుంది.
నేలలోంచి వస్తుందేమో ఇంజను చప్పుడు.
నాకైతే ఏమీ వినబడదు."
నేను ఒక బూటు విప్పి
మేజోడు పాదం నేలకి ఆనించి చూశాను.
ఏమీ లేదు. చలి.
అస్లాక్ నన్ను చూసి నవ్వాడో
ఓడని తలుచుకుని నవ్వాడో.

పదిహేడో గడిలో టిక్కు పెట్టలేదు.
పక్కన, అంచులో రాశాను:
చేతులు కుదురుగా లేవు. ఓడ వస్తోంది.

మూడు వారాలకి ఓస్లో నుంచి మెయిలు.
పదిహేడో జవాబు చెల్లదు,
మూడింటిలో ఒకటి ఎంచుకోగలరు.
కింద పేరు హల్‌గ్రిమ్. నేను పని నేర్పిన కుర్రాడే.

ఫోను చెయ్యాలి వాడికి.
తనిఖీలు మానేద్దామని కాదు.
ఎవరూ తట్టని తలుపుల వెనక ఏం జరిగేదో
పాత దస్త్రాల్లో చదివినదాన్ని,
పట్టీలున్న కుర్చీల కొలతలతో సహా.
తట్టాల్సిందే ఎవరో ఒకరు.
తట్టాక ఏం చూడాలన్నదే
ఆకలి మీద రాసేశాం.

అటువైపు మోగుతోంది.
ఏమని మొదలుపెట్టాలో ఇంకా తేల్చుకోలేదు.
ఎందుకో, బల్ల కింద,
మళ్ళీ ఒక బూటు విప్పాను.